సారీ చెప్పే పార్టు

"వై ఆర్ యూ లేట్ టుడే?" అన్నది వనమాల, కుర్చీల వెనకకు ఒరిగి.

"సారీ మేడమ్. మై చైల్డ్ ఈజ్ నాట్ వెల్, మేడమ్."

"ఎవ్రీ డే వన్ రీజన్. హూ విల్ వాష్ ది వెసెల్స్?"

"ఐ విల్ వాష్, మేడమ్. ఇట్ ఈజ్ మై మిస్టేక్. ఇట్ విల్ నాట్ హ్యాపెన్ అగైన్, మేడమ్."

ఆఖరి మాట అంటూ సోని తల దించింది. తల దించాలని పుస్తకంల ఎక్కడా రాసి లేదు. అయినా సాగర్ సారు మెచ్చుకోలుగ బల్ల మీద వేళ్లతో కొట్టిండు.

"చూసిండ్రా? గట్ల ఫీల్ రావాలె. సోని నోట్లె సారీ ఎంత సాఫ్‌గ వస్తది చూడుండ్రి. మీరు సారీ అంటుంటె బాకీ అడిగినట్టు ఉంటది."

ఆడోళ్లందరు నవ్విండ్రు. సోని కూడ నవ్వింది. మెచ్చుకున్నప్పుడు నవ్వాలె గద అనుకున్నది.

మానుకోట బజార్ల ప్రభాకర్ సేటు చీరల దుకాణం మీద, మొదటి అంతస్తుల నడుస్తది ఆ క్లాసు. మూడు లెవెళ్లు. మొదటి లెవెల్ పుస్తకం అంతా ఇద్దరిద్దరు మాట్లాడుకునే మాటలే. ఏ పార్టు ఒకరిది, బీ పార్టు ఒకరిది. ఏ అంటే ఇంటి మేడమ్, ఆఫీసరు, డాక్టరు, ఇల్లు కిరాయికిచ్చిన ఓనరు. బీ అంటే పనిమనిషి, ఆలస్యంగ వచ్చిన గుమస్తా, పథ్యం తప్పిన పేషెంటు, కిరాయి కట్టని మనిషి. ఏ అడుగుతది. బీ జవాబు చెప్తది. సేటు భార్య వనమాల మొదటి రోజు పుస్తకం తెరిచి ఏ మీద వేలు పెట్టింది. పక్కన కూసున్న సోని బీ మీద పెట్టింది. ఎవ్వలూ ఏం చెప్పలే. అప్పటి సంది గట్లనే నడుస్తున్నది.

సోని ఆ దుకాణానికే చీరలకు ఫాల్స్ కుడ్తది. గూడూరు దిక్కు తండా నుంచి బిడ్డ సదువు కోసం మానుకోటకు వచ్చి, రైల్వే గేటు అవతల ఒక్క అర్ర కిరాయికి తీసుకున్నది. పెనిమిటి ప్రేమ్‌సింగ్ భూపాలపల్లిల బొగ్గు టిప్పర్ తోల్తడు. బిడ్డ అఖిల యూకేజీ. ఏడాది చివర్ల ఒకటో తరగతికి పంపాలంటే తల్లి ఇంట్ల ఇంగ్లీషు మాట్లాడాలన్నది స్కూల్ ఇన్‌చార్జి మేడమ్. "తల్లి లెవెల్ చూసే పిల్ల లెవెల్ చెప్పొచ్చు మాకు" అన్నది. లేకుంటే మళ్ల యూకేజీనే.

అందుకే సోనికి రెండో లెవెల్ కావాలె. రెండో లెవెల్ల పుస్తకం ఉండదు, సొంతంగ మాట్లాడాలె అంటరు. ఎల్లుండే పరీక్ష.

క్లాసు ఇడిసినంక మెట్లు దిగుతుంటే వనమాల అడిగింది, "నా గంధం రంగు పట్టుచీరకు ఫాల్ అయ్యిందా?"

"ఫాల్ నీళ్లల్ల తడిపి ఆరేసిన అక్కా. తడపకుంట కుడ్తె ఉతికినంక గుంజుకపోతది. రేపు తెస్త."

"జల్ది తే. జనగామల మా తమ్ముని ఇంట్ల ఫంక్షనుంది."

*

స్కూల్ గేటు కాడ పిల్లలందరు వచ్చినంక ఆఖరుకు వచ్చింది అఖిల. కాళ్లు ఎడంగ పెట్టుకుంట నడుస్తున్నది. బ్యాగు ముందట పట్టుకున్నది. దగ్గరికి వచ్చేసరికి వాసన వచ్చింది. పక్కన నిలబడ్డ ఒక తల్లి తన కొడుకు చెయ్యి పట్టి రెండడుగులు అవతలికి జరిగింది. ఇంకొకామె కొంగు ముక్కుకు పెట్టుకున్నది. సోని ముందుగాల ఏం అర్థం కాక, బిడ్డ స్కర్టు మీద చెయ్యి వేసింది. బట్ట గట్టిగ ఉన్నది. పొద్దునెప్పుడో తడిసి, ఒంటి మీదనే ఆరింది. అంచుల పొంటి తెల్లగ గీత. సాక్సులు మాత్రం ఇంకా తడిగనే ఉన్నయి.

ఇంట్ల పీట మీద నిలబెట్టి స్నానం పోసింది. తొడల నడుమ తోలు ఎర్రగ ఒరుసుకపోయి ఉన్నది. నీళ్లు తాకంగనే అఖిల పండ్లు బిగవట్టింది. ఏడ్వలే. కొబ్బరి నూనె రాస్తూ సోని తమ లంబాడి మాటల మెల్లగ అడిగింది.

"టీచర్‌ను అడగలేదా?"

"అడిగిన, యాడీ," అన్నది తల్లితోని.

"ఏమని?"

"ఒంటికి వస్తున్నదని. ఇంగ్లీషుల చెప్పు అన్నది. నాకు యాదికి రాలే."

"మళ్ల అడగకపోయినవా?"

"అడిగిన. నో తెలుగు అన్నది. అందరు నవ్విండ్రు." పీట అంచును కాలివేలుతోని గీరింది. "సమ్మక్క ఆయా తలుపు కాడ ఉండె. తీస్కపోత అన్నది. టీచర్ వద్దన్నది. ఇంగ్లీషుల అడిగినంకనే పోవాల్నట, మేడమ్ చెప్పిందట."

"తడిసినంక?"

"బెంచి చివరకు జరుగు అన్నది."

సోని స్కర్టు బకెట్ల వేసి సబ్బు రుద్దింది. ఆ వాసన సబ్బుతోని పోలే. మళ్ల రుద్దింది. నురుగు వేళ్ల సందుల నుంచి కారుతుంటే ఆమెకు రోత పుట్టింది. మూత్రానికి కాదు. పుట్టినప్పటి సంది ఎన్ని గుడ్డలు ఉతకలే. తరగతి గది నిండ మనుషులుండి, ఒక పసిపిల్ల తడిసిన బట్టల మీద గంటలకొద్ది కూసుంటె, చూసుకుంట ఏబీసీడీలు చెప్పుకున్నరు గద, దానికి వచ్చింది ఆ రోత.

పొద్దుగూకేటప్పుడు ప్రేమ్‌సింగ్ ఫోన్ చేసిండు. టిప్పర్ ఇంజను చప్పుడుల సగం వినిపిస్తలే.

"లొల్లి పెట్టకు," అన్నడు అంతా విన్నంక. "మేడమ్‌కు కోపం వస్తె పిల్లను మళ్ల గదే క్లాసుల కూసోబెడ్తది. మంచిగ అడుగు. నీకు ఇంగ్లీషు వస్తది గద ఇప్పుడు."

"వస్తది," అన్నది సోని.

*

తెల్లారి స్కర్టు పూర్తిగ ఆరక, ఇస్త్రీ పెట్టె పెట్టి ఆరబెట్టింది. బిడ్డను క్లాసుల దింపి, ఇన్‌చార్జి మేడమ్ గది ముందట నిలబడ్డది. దారి పొడుగూత అడగాల్సిన మాట కూర్చుకున్నది. మై డాటర్ ఆస్క్‌డ్. టీచర్ సెడ్ నో. వై?

గదిల మల్లెపూల సెంటు కొట్టిన వాసన. మేడమ్ సీసాలకెళ్లి శానిటైజర్ వొంపుకొని చేతులు రుద్దుకుంటున్నది. కుర్చీ చూపియ్యలే.

"యెస్? వాట్ ఈజ్ ది ప్రాబ్లమ్?"

"మేడమ్, మై డాటర్ అఖిల... యెస్టర్‌డే..."

"యెస్, యెస్. షి స్పాయిల్డ్ ది బెంచ్." మేడమ్ కుర్చీల వెనకకు ఒరిగింది. "వై ఆర్ యూ నాట్ ట్రెయినింగ్ హర్ ఎట్ హోమ్?"

సోని నోరు తెరిచింది. కూర్చుకున్న మాట నాలిక చివరనే ఉన్నది. కానీ ఒరిగిన కుర్చీ, పైకి లేచిన ఆ గొంతు, ఎదురుంగ నిలబడ్డ తాను, ఇవన్నీ రోజూ చేసిన సాధకమే. నోరు తనంతట తానే నడిచింది.

"సారీ మేడమ్. ఇట్ ఈజ్ మై మిస్టేక్. ఇట్ విల్ నాట్ హ్యాపెన్ అగైన్, మేడమ్."

తల కూడ దిగింది.

మేడమ్ మొఖం విచ్చుకున్నది. "వెరీ గుడ్. యువర్ ఇంగ్లీష్ ఈజ్ ఇంప్రూవింగ్. లెవెల్ పాసయితే సర్టిఫికెట్ తెచ్చి చూపించండి. ఫస్ట్ క్లాస్ సంగతి అప్పుడు చూద్దాం."

"థాంక్యూ మేడమ్," అన్నది సోని.

బయట నల్లా కాడికి నడిచిపోయి నోరు కడుక్కున్నది. పాసిపోయిన అన్నం ముద్ద నోట్ల పెట్టుకున్నట్టే ఉన్నది. పుక్కిలించి ఉమ్మింది. మళ్ల పుక్కిలించింది. బిడ్డను అట్ల చేసినోళ్లకు తనే సారీ చెప్పి, పైనుంచి థాంక్యూ చెప్పి వచ్చింది. అదీ ఒక్క తప్పు లేకుంట.

చీపురు పట్టుకొని సమ్మక్క ఆయా దగ్గరికి వచ్చింది. మేడారం జాతరకు పుట్టిందని ఆ పేరు పెట్టిండ్రంట. మోకాళ్ల నొప్పులతోని వంకరగ నడుస్తది.

"నువ్వు అఖిల తల్లివి గద బిడ్డా. నేను తీస్కపోయేదాన్నే. ఏం చెయ్యాలె, నాకు తలుపు దాకనే. గడప అవతల అంత ఇంగ్లీషే."

"నీదేం లేదవ్వా."

"నిన్న బెంచి కడిగింది నేనే. పిల్ల నన్నే చూసుకుంట కూసున్నది," అన్నది సమ్మక్క. చీపురు పుల్లలు సర్దుకుంట పోయింది.

*

పట్టుచీర మడత మీద మడత వేసి, దుకాణం కాగితంల చుట్టి తెచ్చింది సోని. వనమాల అంచు తిప్పి చూసుకున్నది. కుట్టు ఎక్కడా పైకి కనిపిస్తలే.

"మంచిగ కుట్టినవ్."

"అక్కా, రేపు పరీక్షల నేను ఏ చెప్త. నువ్వు బీ చెప్పు."

వనమాల ముందుగాల నవ్వింది. సోని నవ్వకపోయేసరికి చీర బల్ల మీద పెట్టింది.

"ఏందే? పనిమనిషి పార్టు నాకా?"

"పుస్తకంల పార్టే గద."

"పుస్తకంల పార్టే అయితే నువ్వు చెప్తె ఏమైతది?"

"నా నోటికి గదొక్కటే అలవాటైంది అక్కా. అడిగేది వస్తలేదు."

వనమాల చుట్టూ చూసింది. మిగిలినోళ్లు కిటికీ కాడ ఫోన్ల మునిగి ఉన్నరు. గొంతు తగ్గించింది.

"సోనీ, పొద్దున లేస్తె మా అత్త ముందర నాది బీ పార్టే. పాలెందుకు పొంగినయ్, కోడలా. నాదే తప్పు అత్తమ్మా. పెండ్లయిన కాడి సంది. మా ఆయన ముందర గదే. దుకాణంల కూసుంటనంటె, నువ్వెందుకు అంటడు. ఈడ గంటసేపు ఏ చెప్పుకుంట. గది కూడ నీకు ఇచ్చి నేనేం చెప్పాలె?"

సోనికి వనమాల మీద జాలి వచ్చింది. ఆ జాలి వెనకాలనే మళ్ల ఏవగింపు వచ్చింది. ఇంట్ల మింగిన చేదును తెచ్చి రోజూ తన మొఖాన ఉమ్ముతున్నది గద ఈమె, అదీ కుర్చీల ఒరిగి, ఇంగ్లీషుల.

సాగర్ సారును అడిగితే ఆయన గడియారం చూసుకున్నడు. "సెట్ అయిన జోడీని ఇప్పుడు మారుస్తరా అమ్మా? పాస్ కావాల్నా, వద్దా?"

మరునాడు పరీక్ష. ఆఫీసరు, గుమస్తా మాటలు వచ్చినయి. వనమాల నడుమల రెండుచోట్ల మర్చిపోయి ఆగింది. సోని పెదవులు కదిపి అందిచ్చింది. ఏ పార్టు మొత్తం తనకు వస్తదని ఆమెకు గప్పుడే తెలిసింది. ఇన్ని దినాలు ఎదురుంగ నిలబడి విన్నది గదా. తిట్లు పడ్డోళ్లకు తిట్లన్నీ యాది ఉన్నట్టు, ఆ మాటలన్నీ అట్లనే ఉన్నయి లోపట.

ఇద్దరు పాసయిండ్రు. సారు బంగారు అంచు కాగితం ఇచ్చి ఫోటో తీసిండు. ఫోన్ వీడియోల అందరికి చెప్పిండు, "సారీ, థాంక్యూ నోటికి వస్తె సగం ఇంగ్లీషు వచ్చినట్టే. సోనిని చూసి నేర్చుకోండ్రి." చప్పట్లు. వనమాల పేడా తెచ్చి సోని నోట్ల పెట్టింది. తియ్యగనే ఉన్నది. మింగేటందుకు కష్టమైంది.

*

ఆ సాయంత్రం అఖిల బ్యాగుల నుంచి నీళ్ల సీసా తీస్తే, పొద్దున పోసిన నీళ్లు అట్లనే ఉన్నయి.

"నీళ్లెందుకు తాగలే?"

అఖిల పెదవులు ఎండి తోలు లేచి ఉన్నయి. నిన్న కూడ సీసా బరువుగనే ఉండె గద అని సోనికి ఇప్పుడు తట్టింది. చదువుల పరేషాన్ల పడి చూసుకోలే.

"తాగితె ఒంటికి వస్తది," అన్నది అఖిల. పెద్దమనిషి ఉపాయం చెప్పినట్టు చెప్పింది.

సోని గ్లాసుల నీళ్లు వొంపి బిడ్డ నోటికి పెట్టింది. ఒక గ్లాసు తాగి ఇంకోటి అడిగింది. తాగి, గోడకానుకొని, ఒంటికి పోతుంటె మంట మండుతున్నదని చెప్పింది. పక్కవీధి దవాఖానల డాక్టరమ్మ చూసి, నీళ్లు తాపుతలేరా అని తల్లినే కోప్పడ్డది. ఈసారి సోని సారీ అనలే. సీసా సంగతి చెప్పింది. డాక్టరమ్మ కలం ఆపి, అద్దాల మీంచి చూసి, "ఏ స్కూల్?" అన్నది. చెప్తే, తల ఊపి మందులు రాసింది. ఆమె బిడ్డ కూడ గా స్కూల్లనే సదువుతున్నదేమో.

తెల్లారి సోని సర్టిఫికెట్ బ్యాగుల పెట్టుకొని పోయింది.

"తెచ్చారా?" అన్నది ఇన్‌చార్జి మేడమ్, చెయ్యి చాపి.

సోని ఇయ్యలే. చూపియ్యని కుర్చీని ముందటికి గుంజి కూసున్నది. వెనకకు ఒరిగింది. వనమాల గొంతే తన నోట్ల నుంచి వస్తున్నట్టున్నది.

"వై డిడ్ యూ డూ లైక్ దిస్? ఐ వాంట్ ది రీజన్. హూ ఈజ్ రెస్పాన్సిబుల్?"

మేడమ్ చెయ్యి చాపినట్టే ఉన్నది. "వాట్... యాక్చువల్లీ... ఐ..." నోరు ఒకసారి తెరిచి మూసింది. సోని చూస్తున్నది. జవాబు కోసం ఆ మనిషి ఎక్కడెక్కడో వెతుక్కుంటున్నది, దొరుకుతలేదు. ఈమెకు కూడ అడిగే పార్టు ఒక్కటే వస్తదని సోనికి అర్థమైంది. ఈ గదిల ఇన్నాళ్లల్ల ఈమెను ఎవ్వలూ ఏదీ అడగలే.

"కోపం తెచ్చుకోకండమ్మా," అన్నది మేడమ్, తెలుగుల. "ఏమైంది చెప్పండి."

"పిల్ల నీళ్లు తాగుడు బంద్ చేసింది. మూత్రంల మంట. దవాఖానకు తీస్కపోయిన."

మేడమ్ గంట నొక్కింది. అటెండర్‌తోని "సమ్మక్కను పిలువు" అన్నది. సోనికి అది ఎందుకో అందలే. ఫినాయిల్ చేతులు కొంగుకు తుడుచుకుంట సమ్మక్క వచ్చి తలుపు లోపట నిలబడ్డది. మేడమ్ కుర్చీల మళ్ల వెనకకు ఒరిగింది. పోయిన ఇంగ్లీషు మొత్తం తిరిగి వచ్చింది.

"వై ఆర్ యూ నాట్ టేకింగ్ ది చిల్డ్రన్ టు వాష్‌రూమ్? హూ ఈజ్ రెస్పాన్సిబుల్?"

సమ్మక్కకు ఆ మాటల్ల ఒక్కటి కూడ తెలువది. కానీ తన వంతు ఏందో తెలుసు. తల దించింది.

"తప్పయింది మేడమ్. ఇంకోసారి కాదు."

"రేపటి నుంచి ఈమె రాదు," అన్నది మేడమ్ సోని దిక్కు తిరిగి, దుకాణంల నచ్చని చీర పక్కకు పెట్టినట్టు. "మీ అఖిలకు ఫస్ట్ క్లాస్ సీటు ఖాయం. సరేనా? సర్టిఫికెట్ ఇవ్వండి, ఫైల్ల పెడ్త."

సోని సర్టిఫికెట్ ఉన్న బ్యాగు ఒళ్లకు గుంజుకున్నది. ఇంతసేపు తను అడిగింది ఎంతో దూరం పోతదనుకున్నది. అది పోయి పోయి మోకాళ్లు వంగని ముసలిదాని నెత్తి మీద పడ్డది. సరే అని లేస్తె అయిపాయె. సీటు ఖాయం. ప్రేమ్‌సింగ్ సంబురపడ్తడు. ఆ సరే అన్న మాట గొంతు దాక వచ్చింది కూడ. దాని వాసన ఆమెకే తెలిసింది.

"అవ్వ తప్పేం లేదు మేడమ్," అన్నది. ఇంగ్లీషు ఎటు పోయిందో చూసుకోలే. "అవ్వ తీస్కపోత అన్నది. టీచర్ వద్దన్నది. ఇంగ్లీషుల అడిగినంకనే పంపాలని టీచర్‌కు చెప్పింది మీరు. నేను మిమ్మల్నే అడుగుతున్న."

"స్కూల్ అన్నంక రూల్స్ ఉంటయి."

"పిల్లలు ఏ మాటల అడిగినా పోనియ్యాలె. అవ్వ పని ఉండాలె. గా మాట మీ నోట వినాలె నేను."

"అయితే ఫస్ట్ క్లాస్ సంగతి నేను చెప్పలేను. మళ్ల ఆలోచించుకోండి."

"పో బిడ్డా," అన్నది సమ్మక్క మెల్లగ. "నాకేమున్నది, ఇంకో కాడ ఊడుస్త. నీ పిల్ల సదువు చూసుకో."

సోని లేవలే. ఇంకో కుర్చీ పక్కకు జరిపి, "కూసో అవ్వా" అన్నది. సమ్మక్క కూసోలే. కుర్చీ వీపు పట్టుకొని నిలబడ్డది. మేడమ్ ఫోన్ తీసి చూసింది, పక్కన పెట్టింది, మళ్ల తీసింది. బయట ఏదో క్లాసుల పిల్లలు పాట పాడుతున్నరు. ఇంక చెప్పేది కూడ ఏం లేదు. అయినా లేవలే.

"దవాఖానల ఏ స్కూల్ అని అడిగిండ్రు మేడమ్," అన్నది చివరకు. బెదిరిద్దామని అనలే. జరిగింది చెప్పింది.

మేడమ్ కిటికీ దిక్కు చూసుకుంట అన్నది, "సరే. సమ్మక్కా, పో. ఎవరు అడిగినా తీసుకపో. ఎట్ల అడిగినా." సోని మొఖం చూడలే. "మీరు కూడ పోండి ఇంక. సీటు మాత్రం అడగొద్దు నన్ను."

వరండాల సమ్మక్క ముందు, సోని వెనక. యూకేజీ తలుపు కాడ సమ్మక్క అలవాటుగ గడప అవతలనే ఆగింది. లోపట మేఘన టీచర్ బోర్డు మీద రాస్తున్నది. అఖిల చివరి బెంచిల ఉన్నది, కాళ్లు దగ్గరికి బిగవట్టుకొని.

"మేడమ్ చెప్పింది," అన్నది సమ్మక్క టీచర్‌తోని. అటెనక పిల్లల దిక్కు తిరిగింది. "ఒంటికి ఎవలెవలొస్తరు బిడ్డా?"

ఎవ్వలూ కదల్లే. అందరు టీచర్ మొఖం చూసిండ్రు. మేఘన టీచర్ సుద్దముక్క పట్టుకొని పక్కకు జరిగింది.

ముందటి బెంచిల టై కట్టుకున్న పిల్లగాడు లేచిండు. మంచిగ ఇంగ్లీషు చెప్తడని అందరు మెచ్చుకునే పిల్లగాడు. వాని పక్కపిల్ల లేచింది. ఆ వెనక బెంచి లేచింది. అఖిల లేచింది. నెట్టుకుంట, ఒకల చొక్కా ఒకలు పట్టుకుంట తలుపు దిక్కు వచ్చిండ్రు. కొందరు అప్పటికే ఉరుకుతున్నరు. సోని తలుపు రెక్క వెనకకు పట్టుకొని నిలబడి చూసింది.

ఒక్క బెంచి మీద కూడ ఎవ్వలూ మిగల్లే.